రేటు మధ్యకొచ్చే రోజు

"క్రేట్లు యాడ దింపాలమ్మా?" అని ఆటో నరసింహులు గేటు దగ్గర్నుంచి కేకేసినప్పుడు కుసుమ చీర కుచ్చిళ్ళు సరిచేసుకుంటూ ఉంది. పళ్ళ మధ్య పిన్నీసు ఉండబట్టి జవాబు చెప్పలేకపోయింది గానీ, అది లేకపోయినా ఏం చెప్పేదో ఆమెకే తెలీదు. కిటికీలోంచి చూస్తే ఆటో నిండా టమాటాలు. ఎర్రగా, గుండ్రంగా, నవనవలాడుతూ ఉన్నాయి. ఇంత అందమైన దరిద్రం ఇంకోటి ఉండదనుకుంది.

వెనకాలే ఫోను. మొగుడు గంగాధర్. మదనపల్లె మార్కెట్టులో అతనికి టమాటా మండీ ఉంది. రైతులు తెచ్చిన సరుకును వేలం పాడించి కమీషన్ తీసుకునే వ్యాపారం. "రేటు పడిపోయింది కుసుమా. కోలారు దిక్కు కూడా పంట ఒకేసారి వచ్చిపడిందంట, ఈడ అడిగే నాథుడు లేడు. రైతులు క్రేట్లు వదిలేసి పోతాండారు. పారబోస్తే ఉసురు తగల్తాది. తొక్కు చేసి పెట్టు, ఒరుగులు కోసి ఎండేయి, ఏదో ఒకటి చెయ్యి. చదువుకున్నదానివి, నీకు నేను చెప్పాల్నా?" అని పెట్టేశాడు.

ఆ చివరి మాట గంగాధర్‌కు అలవాటు. చదువుకున్నదానివి, సర్దుకో. చదువుకున్నదానివి, మా అమ్మతో నీకు పోటీ యాల. చదువుకున్నదానివి, గ్యాసు బుక్ చేసేది మర్చిపోతే ఎట్లా. కుసుమ నిజంగానే చదువుకుంది. తిరుపతిలో ఎమ్మెస్సీ మ్యాథ్స్, గోల్డ్ మెడల్. ఆ చదువు ఆమెకు ఉద్యోగం కంటే ఇలాంటి మాటలే ఎక్కువ తెచ్చిపెట్టింది.

ఈరోజు మధ్యాహ్నం ఆమెకు కుప్పంలో డెమో క్లాసు ఉంది. హాస్టల్ ఉన్న ఆడపిల్లల జూనియర్ కాలేజీ అది. లెక్కల లెక్చరర్ పోస్టు, పర్మినెంటు. ప్రిన్సిపాల్ ముందర, పిల్లల ముందర ఒక పాఠం చెప్పాలి. నచ్చితే తీసుకుంటారు. పాఠం కూడా వాళ్ళే ఇచ్చారు: ఆంప్లిట్యూడ్, పీరియడ్ తెలిస్తే సైన్ ఫంక్షన్ సమీకరణం ఎలా రాయాలో చెప్పమన్నారు. ఇలాంటి పిలుపు రావడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లు ఆమె మదనపల్లె పొలిమేర కూడా దాటలేదు.

మొదటిసారి పిలిచింది వాల్మీకిపురంలో ఒక కాలేజీ. ఆ వారం టమాటా రేటు ఆకాశంలో ఉంది. రేటు ఆకాశంలో ఉంటే గంగాధర్ కూడా అక్కడే ఉంటాడు. బెంగళూరు వ్యాపారస్తులు, లారీ ఓనర్లు, పదేళ్ళుగా కనపడని చుట్టాలు అందరూ ఆ ఇంటి దారి పడతారు. సంగటి, నాటుకోడి పులుసు, పైన పొంగనాలు. "మా ఆమె లెక్కల్లో గోల్డ్ మెడలప్పా" అని వచ్చినవాళ్ళకు పరిచయం చేసి, అదే ఊపులో "ఏమే, అన్నకు ఇంకో ముద్ద సంగటి తీసకరా" అంటాడు. గోల్డ్ మెడల్ సంగటి గిన్నె పట్టుకొని వస్తుంది. డెమో క్లాసు సంగతి ఎత్తితే, "ఇంతమంది ఉండంగా యాడికి పోతావు? రేటు కాస్త మధ్యకు రానీ, నేనే కారులో దింపుతా" అన్నాడు.

రెండోసారి పలమనేరు నుంచి పిలుపొచ్చింది. అప్పుడు రేటు పాతాళంలో ఉంది. రేటు పాతాళంలో ఉంటే చుట్టాలు రారు, క్రేట్లు వస్తాయి. కడగడం, తుడవడం, కొయ్యడం, ఉడికించడం, జాడీలకెత్తడం. ఇల్లంతా పులుపు వాసన. పైగా గంగాధర్ మొహం చూసి ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు, మిక్సీ కూడా మెల్లిగా తిరగాలి. "కొంప మునిగిపోతాంటే కాలేజీ అంటావేమే? రేటు మధ్యకు రానీ" అన్నాడు. అత్త పార్వతమ్మకు కూడా ఒక పద్ధతి ఉంది. రేటు పైనుంటే కొడుకు తెలివి గురించి మాట్లాడుతుంది, కిందుంటే కోడలి పాదం గురించి మాట్లాడుతుంది. ఆ పాదం ఇంట్లో పెట్టి పంతొమ్మిదేళ్ళయింది. టమాటా రేటు ఎన్నిసార్లు లేచి పడిందో దేవుడికే తెలియాలి, లేచినప్పుడు మాత్రం ఆ పాదం ఎవరికీ గుర్తుకు రాలేదు.

ఈ పిలుపుల సందుల్లో ఆమె మదనపల్లెలోనే ఒక ప్రైవేటు కాలేజీలో పార్ట్‌టైం చేస్తోంది. పార్ట్‌టైం అంటే, ఎవరైనా సార్ సెలవు పెడితే ఫోను చేస్తారు. "మేడమ్, ఒక్క క్లాసు చూసుకోండి" అంటారు. వెళితే క్లాసుతో పాటు యాన్యువల్ డేకు స్టేజీ ముందర ముగ్గు, గెస్టుకు బొకే, ఆడపిల్లల డాన్సు ప్రాక్టీసు కూడా ఆమెవే. "లేడీ స్టాఫ్ కదా మేడమ్, మీకైతే బాగా కుదురుతుంది" అంటాడు డైరెక్టరు. లెక్కలు మాత్రం సార్లకు కుదురుతాయి.

అలా ఒక సార్ సెలవులో ఉన్నప్పుడే ఆమె బోర్డు మీద సైన్ గీత గీసింది. పైకి లేచి, వంగి, నడిమి గీతను దాటి కిందికి దిగి, మళ్ళీ లేచే గీత. గీస్తూ గీస్తూ సుద్దముక్క ఆపి, 'ఇది మా ఇల్లు కదా!' అనుకుంది. అత్త, మొగుడు, చుట్టాలు, క్రేట్లు అన్నీ ఆ గీత మీద ఊగుతూ కనిపించాయి. ఇంటికొచ్చి చింతపండు నానబెడుతూ మనసులోనే లెక్క వేసింది. రేటు ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి పోవడానికి సుమారు ఆరు నెలలు పడుతోంది. పోయిన శిఖరం జూలై నడుమ వచ్చింది. అయితే గుంత అక్టోబరు నడుమ రావాలి. రెండింటికీ మధ్యలో, అంటే ఆగస్టు ఆఖర్లో, గీత నడిమి గీతను దాటాలి. మొగుడు ఇన్నేళ్ళుగా చెబుతున్న 'రేటు మధ్యకొచ్చే రోజు' ఎప్పుడో మొట్టమొదటిసారి ఆమెకు తేదీతో సహా తెలిసింది. ఆరోజు చింతపండు పిసుకుతూ తనలో తాను నవ్వుకుంటుంటే పార్వతమ్మ వచ్చి నుదురు ముట్టుకొని జ్వరమేమో చూసింది. మర్నాడు పొద్దున వాకిట్లో చుక్కలు మానేసి అదే గీత ముగ్గేసింది కుసుమ. "ఇదేం ముగ్గే, పాము పాకినట్టుండాది" అని అత్త చీపురు తీసుకుంది.

కుప్పం ప్రిన్సిపాల్ సయీదా మేడమ్ ఫోను చేసి, "ఈ నెలలో మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు రాండమ్మా, డేటు మీరే చెప్పండి" అన్నప్పుడు కుసుమ తడుముకోకుండా ఆగస్టు ఆఖరి గురువారం అంది. గంగాధర్‌కు చెప్పింది. రేటు నిజంగానే మధ్యకు దిగుతూ ఉండటంతో అతను కాదనడానికి ఏమీ దొరక్క "ఊఁ" అన్నాడు. ఆ 'ఊఁ' కోసం ఆమె త్రికోణమితి మొత్తం వాడింది.

అదీ సంగతి. ఆ గురువారమే ఇది. సమీకరణం ప్రకారం ఈరోజు ఇంట్లో చుట్టాలూ ఉండకూడదు, క్రేట్లూ ఉండకూడదు. వాకిట్లో మాత్రం ఆటో ఉంది.

పార్వతమ్మ వరండాలో కాళ్ళు చాపుకొని కూర్చుని, దింపుతున్న క్రేట్లను చూస్తూ ఉంది. కోడలు బ్యాగు తగిలించుకొని బయటికి వచ్చేసరికి ఆమె చూపు క్రేట్ల మీద నుంచి చీర మీదికి వచ్చింది.

"ఏమ్మే, సింగారించుకొని యాడికి?"

"కుప్పానికత్తా. మొన్ననే చెప్పినా కదా."

"అది రేటు పడకముందు చెప్పిన మాట."

పార్వతమ్మ ఆ మాట ఎంత నమ్మకంగా అందంటే, నిజంగానే అలాంటి చట్టం ఒకటి ఉందేమోనని కుసుమ ఒక్క క్షణం ఆలోచించింది. రేటు పడగానే మాటలన్నీ రద్దవుతాయి కాబోలు. కాళ్ళు వాటంతటవే వంటింటి వైపు తిరిగాయి. అలవాటు పడిన కాళ్ళు, వాటి తప్పేం లేదు. 'సమీకరణం తప్పింది, ఇంకో ఆరు నెలలు చూద్దాం' అని కూడా అనుకుంది. అప్పుడే ఆమెకు భలే కోపం వచ్చింది. మొగుడి మీద కాదు, అత్త మీద కాదు, ఇంకో ఆరు నెలలని ఇంత సులభంగా అనుకోగలిగిన తన మీద. టమాటా ఆరు నెలలకోసారి లేస్తుంది, పడుతుంది, మళ్ళీ లేస్తుంది. తను నలభై మూడు నుంచి మళ్ళీ ఇరవై మూడుకు పోదు కదా!

"నరసింహులన్నా, క్రేట్లు నీడకు జరుపు. సాయంత్రం వచ్చి చేస్తాలే అత్తా."

"సాయంత్రానికి సగం మెత్తబడతాయి."

"మిగతా సగం ఉంటాయి కదత్తా" అని గేటు దాటింది. దాటిన తర్వాత విప్లవం చేసినట్టేం అనిపించలేదు. స్టవ్ మీద పాలు పెట్టి వచ్చేసినట్టు అనిపించింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కండక్టరు ఆధార్ కార్డు చూసి ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు. కుసుమ కళ్ళు మూసుకొని పాఠం వల్లించుకోవడం మొదలుపెట్టింది. సముద్రపు అలతో మొదలుపెట్టాలి. నడిమి నుంచి అల ఎత్తు ఆంప్లిట్యూడ్. ఒక అల నుంచి ఇంకో అలకు పట్టే కాలం పీరియడ్. రెండు పై బై పీరియడ్... పక్కనున్న ముసలామె "ఏ స్వామిదమ్మా ఆ మంత్రం?" అని అడిగింది. "సైన్ స్వామిది అవ్వా" అంటే ఆమె రెండు చేతులూ జోడించింది.

పుంగనూరు బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే ఒకామె కొంగు నడుముకు బిగించి పైకెక్కింది. కుసుమ తల్లి రత్నమ్మ.

"దిగు."

"అమ్మా! నువ్వేంది ఈడ?"

"అల్లుడు ఫోన్ చేసినాడు. 'అత్తా, నీ కూతురు చెప్పకుండా బస్సెక్కేసింది, పుంగనూర్లో పట్టుకో' అన్నాడు. నువ్వేమన్నా ఇల్లొదిలేసి పోతాండావా తల్లీ? దిగు, ఇంటికి పోయి నింపాదిగా మాట్లాడుకుందాం."

"చెప్పే వచ్చినామ్మా. పాఠం చెప్పేదానికి పోతాండా, సన్యాసానికి కాదు."

"పాఠం యాడికి పోతాది, ఇంకోరోజు చెప్పుకో. ఆయప్పకు నష్టమొచ్చి ఉండాది. మొగోడు నష్టంలో ఉన్నప్పుడు ఆడమనిషి ఇంట్లో ఉండాలే."

"లాభంలో ఉన్నప్పుడో?"

రత్నమ్మ ఆలోచించింది. "అప్పుడూ ఉండాలనుకో" అంది, గొంతు కాస్త తగ్గించి.

ఇంతలో కండక్టరు వచ్చి మెషిన్ పట్టుకొని నిలబడ్డాడు. "యాడికమ్మా?" అన్నాడు రత్నమ్మను. "దీన్నే అడుగు, ఎవరి మాటా వినదు" అని కూతుర్ని చూపించింది ఆమె. కుసుమ "మాయమ్మకు కుప్పం ఒకటి" అంది. చెప్పింది తనే గానీ, చెప్పాకే ఆ ఆలోచన వచ్చింది. మెషిన్ కిర్రుమంది, విజిలు మోగింది, బస్సు కదిలింది. రత్నమ్మ "ఆపప్పా, ఆపు, నేను దింపేదానికి వచ్చినాను, పోయేదానికి రాలేదు!" అని అరిచింది. కండక్టరు "టికెట్టు కొట్టేసినానమ్మా" అన్నాడు.

"ఎంతయింది?" అని కంగారుపడింది రత్నమ్మ.

"సున్నా."

ఆమె టికెట్టును అటూ ఇటూ తిప్పి చూసింది. ఊరికే వచ్చిన దాన్ని వదులుకోవడం ఆమె వంటికి పడదు. రెండు నిమిషాలు గొణిగి, కూతుర్ని జరగమని కిటికీ దగ్గర కూర్చుంది. పలమనేరు దాటేలోపల ఒక కొబ్బరి బిస్కెట్టు ప్యాకెట్టు కొనిపించుకుంది. బైరెడ్డిపల్లె దగ్గర, మాట తేలిగ్గా వచ్చినట్టు, "మొగుడు ఏమన్నా అంటే?" అంది.

"అంటాడమ్మా."

"ఊఁ" అంది రత్నమ్మ. బిస్కెట్టు సగం విరిచి కూతురి చేతిలో పెట్టింది. కుసుమకు తల్లి తనను దింపడానికి వచ్చినందుకు కోపం ఉంది, దిగకుండా పక్కన కూర్చున్నందుకు ఆ కోపం నిలవడం లేదు.

కాలేజీలో సయీదా మేడమ్ గుమ్మం దాకా ఎదురొచ్చింది. యాభై దాటిన మనిషి, నవ్వితే కళ్ళద్దాలు పైకి లేస్తాయి. "రాండి రాండి. అమ్మా కూడా వచ్చినారా, అచ్ఛా! కూర్చోండమ్మా" అని రత్నమ్మకు ఆఖరి బెంచీలో చోటు చూపించి, తనూ పక్కనే పెన్ను తెరిచి కూర్చుంది. అరవై మంది ఆడపిల్లలు లేచి ఒకే గొంతుతో గుడాఫ్టర్నూన్ చెప్పారు. మధ్యాహ్నం భోజనం అయింది, ఫ్యాన్లు మెల్లిగా తిరుగుతున్నాయి, సగం కళ్ళు అప్పటికే మూతలు పడుతున్నాయి.

కుసుమ సుద్దముక్క తీసుకుంది. 'సముద్రపు అల' అనబోయింది. ఆ పిల్లల్లో సముద్రం చూసినవాళ్ళు ఎందరుంటారు? ఆ మాటకొస్తే తనూ ఒక్కసారే చూసింది, అదీ ఏదో మొక్కుకు గుండ్లు కొట్టించుకొని వస్తూ దోవలో. ఆమె బోర్డు వైపు తిరిగి గీత గీసి, కింద 'నెలలు' అని, పక్కన 'టమాటా రేటు' అని రాసింది. వెనక బెంచీల్లో రెండు తలలు లేచాయి.

"మదనపల్లెలో ఒక మండీ ఉంది. అక్కడ కిలో టమాటా బాగా ఎక్కువంటే యాభై, బాగా తక్కువంటే పది. మరి నడిమి గీత ఎక్కడ?"

"ముప్పై!" అన్నారు.

"నడిమి నుంచి ఎంత లేస్తోంది, ఎంత పడుతోంది?"

"ఇరవై!"

"అదే ఆంప్లిట్యూడ్. అది ఊగులాట ఎంత పెద్దదో చెబుతుంది. శిఖరం నుంచి శిఖరానికి ఆరు నెలలు. అది పీరియడ్. ఎంత తొందరగా ఊగుతోందో అది చెబుతుంది. కానీ ఆరును తీసుకుపోయి ఎక్స్ పక్కన అట్లే పెట్టేస్తే మార్కులు పోతాయి. చాలామంది చేసే తప్పు అదే. సైన్‌కు ఒక చుట్టు తిరగడానికి రెండు పై కావాలి. ఆ చుట్టును ఆరు నెలల్లో తిరగాలి. అంటే నెలకెంత?"

"రెండు పై బై ఆరు! పై బై మూడు!"

బోర్డు మీద సమీకరణం నిలబడింది: వై ఈజ్ ఈక్వల్ టు ముప్పై ప్లస్ ఇరవై సైన్ పై ఎక్స్ బై మూడు. ఇక్కడితో పాఠం అయిపోయింది. కుసుమ అనుకున్నదీ ఇంతే. కానీ ఇంకా సమయం ఉంది. చేతిలో సుద్దముక్క ఉంది. పిల్లల కళ్ళన్నీ తెరుచుకొని ఉన్నాయి. ఇన్ని కళ్ళు తన వైపు చూసి, సంగటి అడక్కుండా ఉండటం ఆమెకు కొత్త.

"ఇప్పుడు ఆ మండీ ఆయన ఇంట్లో ఒకామె ఉంది. రేటు పైకి పోతే ఇంటికి చుట్టాలు వస్తారు, ఆమెకు ఆరు గంటల పని ఎక్కువ. రేటు కిందికి పోతే ఇంటికి క్రేట్లు వస్తాయి, అప్పుడూ ఆరు గంటల పని ఎక్కువ. రేటు మధ్యలో ఉంటే ఆమెకు పని సున్నా అనుకుందాం. ఆమె గీత ఎవరు గీస్తారు?"

సమ్రీన్ అనే పిల్ల లేచి వచ్చింది. రేటు గీత కిందే ఇంకోటి మొదలుపెట్టింది. రేటు లేచిన చోట ఈ గీతా లేచింది. రేటు నడిమికి దిగితే ఇదీ దిగింది. రేటు గుంతలోకి పోయిన చోట సమ్రీన్ చెయ్యి ఒక్క క్షణం ఆగి, పైకి లేచింది. ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు బెంచీ బెంచీకి పాకింది.

"మేడమ్, రేటుకు ఆరు నెలలు, ఈమెకు మూడే!" అంది సమ్రీన్. "కాబట్టి ఎక్స్ పక్కన రెండు పై బై మూడు రావాల. ఎక్కువ ఆరు, తక్కువ సున్నా, అంటే ఆంప్లిట్యూడ్ మూడు."

"కరెక్ట్. గీత ఎక్కడ మొదలవుతుందో, ఎంత పక్కకు జరపాలో తర్వాతి పాఠంలో చూస్తాం."

"మా ఇంట్లో పట్టుగూళ్ళ రేటు మేడమ్!" అని ఒక మూల నుంచి. "మాకు మామిడి! మామిడికి పీరియడ్ ఏడాది మేడమ్, మాయమ్మ లక్కీ!" అని ఇంకో మూల నుంచి. ఎవరింట్లో ఏ రేటుకు ఎవరు ఎగురుతారో, ఎవరు గిన్నెలు తోముతారో అరవై మందీ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. కుసుమ డస్టరుతో టేబులు కొట్టి ఆపుదామనుకుంది గానీ ఆపబుద్ధి కాలేదు.

అప్పుడు ఆఖరి బెంచీలోంచి సయీదా మేడమ్ చెయ్యెత్తింది. క్లాసు సద్దుమణిగింది. ఉద్యోగం ఇచ్చేదీ, లేదనేదీ ఈ చెయ్యే.

"నాకో డౌటు మేడమ్. రేటు మధ్యలో ఉన్నప్పుడు ఆమె పని సున్నా అన్నారు. సున్నా ఎట్లవుతుంది? ఆరోజు ఇంట్లో అన్నం ఎవరు వండినారు?"

కుసుమ బోర్డు వైపు చూసింది. తను చెప్పగా గీసిన గీత మూడు చోట్ల హాయిగా నేల మీద ఆనుకొని ఉంది. రోజూ పొద్దున్నే లేచి వాకిలి చిమ్మడం, కాఫీలు, టిఫిన్లు, అత్త కాళ్ళకు నూనె, గంగాధర్ చొక్కాలు, తిరుపతి హాస్టల్లో ఉన్న కొడుకు బాలాజీకి వారం వారం పంపే పొడులు, కారాలు, మూడు పూటల అన్నం. వీటన్నిటికీ కలిపి గోల్డ్ మెడలిస్టు వేసిన విలువ సున్నా. మొగుడు వెయ్యలేదు, అత్త వెయ్యలేదు, తనే వేసింది. ఇన్నేళ్ళు ఏ నడిమి గీత కోసం కాచుకొని కూర్చుందో, ఆ గీత మీద కూడా తనకు తీరికంటూ ఎప్పుడూ లేదు. సిగ్గేసింది, నవ్వొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తప్పు నాదే మేడమ్" అంది. "రోజూ ఉండే పని ఎనిమిది గంటలు మర్చిపోయాను. సమ్రీన్, ఇప్పుడేం చెయ్యాలి?"

"గీతను మొత్తం ఎనిమిది పైకి జరపాల మేడమ్. అప్పుడు నడిమి పదకొండు. ఎంత తగ్గినా ఎనిమిదికి కిందికి రాదు."

"జరుపు."

సమ్రీన్ కింది గీతను తుడిచి, కాళ్ళ మునివేళ్ళ మీద నిలబడి పైన గీసింది. అది రేటు గీత మీదుగా, బోర్డు మీద రాసిన తేదీని కూడా దాటుకొని పోయింది. రత్నమ్మ ఆఖరి బెంచీలో పక్కకు వంగి, "మా కాలంలో చెనిక్కాయల రేటు ఉండేది మేడమ్" అని ప్రిన్సిపాల్ చెవిలో గుసగుసగా చెప్పింది. ఆ గుసగుస క్లాసంతా వినపడింది.

ఆఫీసు గదిలో టీ వచ్చింది. సయీదా మేడమ్ ఎక్కువ మాట్లాడలేదు. "తప్పు ఒప్పుకొని పిల్లతోనే దిద్దించినారు చూడండి, నాకు అది నచ్చింది. సోమవారం చేరతారా? ఇక్కడే క్వార్టర్స్ ఉండాది. శనివారం సాయంత్రం ఇంటికి పోవచ్చు" అంది.

కుసుమ నోట్లో జవాబు సిద్ధంగానే ఉంది. 'ఇంట్లో అడిగి చెబుతాను మేడమ్.' పంతొమ్మిదేళ్ళుగా అరిగిన మాట, నాలుక దానంతటదే అనేస్తుంది. అనబోతుండగా ఫోను మోగింది. గంగాధర్. ఆమె సైగతో క్షమించమని ఎత్తింది.

"యాడుండావు? క్రేట్లు నీళ్ళు కారతాండాయి. అమ్మ మొత్తుకుంటాంది, నేను మండీ మూసేసి ఇంటికి వచ్చినా. ఎన్నింటికి వస్తావు?"

"ఉద్యోగం ఇస్తామంటాండారు."

అవతల గొంతు నిజంగానే మెత్తబడింది. గంగాధర్ చెడ్డవాడు కాదు, అదే చిక్కు. "మంచి మాట! నాకు తెలుసు నీకు వస్తాదని. రేటు కాస్త మధ్యకు రానీ, మంచి దినం సూసి నేనే దింపుతా. ముందు నువ్వు బయల్దేరు, ఈ టమాటాలు..."

కుసుమ ఫోను చెవికి ఆనించుకునే ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "సోమవారం చేరతాను మేడమ్" అంది. రత్నమ్మ టీ గ్లాసు పెదవుల దగ్గరే ఆపేసి కూతురి వంక చూసింది. 'దిగు' అని మాత్రం అనలేదు.

"ఏందీ? ఎవరితో అంటాండావు? సోమవారమా?" అన్నాడు గంగాధర్.

"అవును. ఈ పొద్దుకు పుంగనూర్లో మాయమ్మ దగ్గర ఉండి, రేపు వచ్చి బట్టలు సర్దుకుంటా."

"రేపా! మరి ఈ తొక్కు ఎవరు చేస్తారు?"

"నేను చెప్తా, విను. మొదట కడిగి గుడ్డతో తుడువు. తడి ఉంటే బూజు పడతాది. ముక్కలు కోసి, పెద్ద బాణలిలో నూనె పోసి వెయ్యి. చింతపండు, ఉప్పు, పసుపు. దగ్గరపడినాక కారం, మెంతిపొడి. కలబెడతానే ఉండాల, ఒక్క నిమిషం పక్కకు పోయినా అడుగంటుతాది."

"నేనా?" అన్నాడు. వెనక పార్వతమ్మ ఏదో అడుగుతోంది, ఎక్కడో బాణలి కిందపడిన చప్పుడయింది. చివరికి, మండీలో ధర తేలని బేరం దగ్గర మాట్లాడినట్టు, జాగ్రత్తగా అడిగాడు. "ఎంతసేపు కలబెట్టాల?"

కుసుమ లెక్క వెయ్యబోయి ఆగింది.

"అది లెక్కకు రాదు. నిలబడు, తెలుస్తాది."